క్రాష్ గార్డ్ దండగేం కాదు, బిగించే తీరు ముఖ్యం

రోజూ విజయవాడ బెంజ్ సర్కిల్ మీదుగా తిరిగే కొత్త 150 సీసీ బండికి క్రాష్ గార్డ్ (ఇంజిన్ చుట్టూ బిగించే ఇనప పైపు) వేయించాలా, లేక స్లైడర్లు (ఇంజిన్ పక్కన బోల్ట్‌తో బిగించే గట్టి ప్లాస్టిక్ దిమ్మెలు) సరిపోతాయా అని అడిగారు. గార్డే వేయించండి. అయితే అది కాపాడేది బండిని. మీ కాలికి, తలకి బూట్లు, హెల్మెటే దిక్కు.

ఆపిన బండి ఒరిగినా, ఇసుకలో మెల్లగా జారినా ఇంజిన్ పక్క కవర్ రోడ్డుకి తగులుతుంది. క్లచ్ కవర్ చిట్లిందంటే ఆయిల్ కారిపోతుంది, ఇక ఇంజిన్ ఆన్ చేయకూడదు. ఇనప పైపు గార్డ్ ఆపేది సరిగ్గా ఈ దెబ్బనే. స్లైడర్ చాలావరకు ఒక్క బోల్ట్ మీదే నిలబడుతుంది. గట్టి దెబ్బకి ఆ బోల్ట్ గునపంలా పనిచేసి, అది పట్టుకున్న ఇంజిన్ భాగాన్నే విరిచేయొచ్చు.

మీ మోడల్‌కే చేసిన గార్డ్ తీసుకోండి, వెడల్పు హ్యాండిల్ దాటకూడదు. ఆటోనగర్‌లో బిగిస్తుంటే దగ్గరుండి చూడండి. ఇంజిన్ కింద చెక్క పెట్టి జాకీ ఎత్తాలి, ఇంజిన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే మౌంటింగ్ బోల్టులు ఒక్కొక్కటిగానే విప్పాలి. కొత్త బోల్ట్ తల మీద దాని బలం తెలిపే గ్రేడ్ 8.8 లేదా 10.9 అని ఉండాలి, పాతదానికన్నా తక్కువ గ్రేడ్ వద్దు. రంధ్రాలు కలవకపోతే రాడ్డు పెట్టి లాగనివ్వకండి, గార్డే మార్పించండి. బలవంతంగా బిగిస్తే ఆ లాగుడు ఇంజిన్ మీదే పడుతుంది, వణుకూ మొదలవుతుంది. మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బోల్ట్ ఎంత బిగించాలో చెప్పే కొలత) బిగించి, 500 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూడండి.

ఒకసారి వంగిన గార్డ్‌ని సుత్తితో సరిచేయించకండి, కొత్తది వేయించండి.