ఎఫ్‌ఎం ప్రసారంలో ‘స’, ‘ష’ ఎందుకు గరగరమంటాయి?

మా కమ్యూనిటీ రేడియోలో కొత్త ఆడియో ప్రాసెసర్ (ప్రసారానికి ముందు శబ్దాన్ని సరిచేసే పరికరం) పెట్టాక ‘స’, ‘ష’ చెవికి గుచ్చుకుంటున్నాయి, ఏం సరిచేయాలని ఒకరు అడిగారు.

ముందు ప్రీ-ఎంఫసిస్ చూడండి. ఎఫ్‌ఎంలో హెచ్చు పౌనఃపున్యాలను పెంచి పంపుతారు, రేడియో సెట్టు వాటిని తిరిగి అంతే తగ్గిస్తుంది. ఆ పెంపు ఎంతో నిర్ణయించే విలువ భారత్‌లో 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. అమెరికా అమరికను మార్చకుండా వదిలేస్తే సకారాలు కరుకెక్కుతాయి. ప్రాసెసర్‌లోనూ ట్రాన్స్‌మిటర్‌లోనూ రెండు చోట్లా ఆన్ చేసి ఉంటే ఇంకా ఘోరం. ప్రాసెసర్‌లోనే ఉంచండి, పెరిగిన శబ్దాన్ని లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపే భాగం) అదుపు చేయగలిగేది అక్కడే.

తర్వాత క్లిప్పింగ్, అంటే హద్దు దాటిన శబ్దపు మొనలను కోసేయడం, తగ్గించండి. డీవియేషన్ (శబ్దాన్ని బట్టి ప్రసార పౌనఃపున్యం అటూ ఇటూ జరిగే మేర) 75 కిలోహెర్ట్జ్ దాటకూడదు. స్టీరియో పైలట్ (స్టీరియో ప్రసారమని రేడియో సెట్టుకు తెలిపే సంకేతం) 19 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది కాబట్టి ఆడియోను 15 దగ్గరే ఆపాలి.

పక్క స్టేషన్ కంటే బిగ్గరగా వినిపించాలన్న ఆరాటం మాత్రం వద్దు. పల్లెలో గంటసేపు మాటలు వినే పెద్దవాళ్లకు ముఖ్యమైనది స్పష్టత.