డిప్లొమా బ్యాచ్ ఇంతే అంటున్నారు... చదువు మానేయాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ దగ్గర పల్లె. పాలిటెక్నిక్ అయ్యాక ఈసెట్ ఎంట్రన్స్ రాసి, హైదరాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) సెకండియర్‌లో చేరాను. క్లాసులో అందరూ ఇంటర్ ఎంపీసీ వాళ్లే, మేం నలుగురం డిప్లొమా నుంచి నేరుగా సెకండియర్‌కు వచ్చిన ల్యాటరల్ వాళ్లం. మొదటి సెమిస్టర్‌లోనే మ్యాథ్స్‌తో కలిపి రెండు సబ్జెక్టులు పోయాయి. ఒక సార్ ‘డిప్లొమా బ్యాచ్ ఇంతే’ అన్నారు. ల్యాబ్‌లో మాత్రం ఇబ్బంది లేదు. మొన్న డీసీ షంట్ మోటార్‌కు మా టాపర్ స్విచ్ వేయబోతుంటే, ఫీల్డ్ రియోస్టాట్ ఫుల్‌లో ఉందని నేనే ఆపాను. నా హాస్టల్ ఫీజుకు నాన్న అమ్మ గాజులు కుదువ పెట్టాడు. ఇంట్లో అన్నీ పాసయ్యానని చెప్పాను. మానేసి జీడిమెట్లలో ప్యానెల్ బోర్డుల పనికి వెళ్లాలనుంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ మోటార్ సంగతి నేను రెండుసార్లు చదివాను. ఫీల్డ్ రెసిస్టెన్స్ ఎక్కువ పెట్టి స్టార్ట్ చేస్తే మోటార్‌లోని అయస్కాంత ఫీల్డ్ బలహీనపడి వేగం అదుపు తప్పుతుందని మీ టాపర్‌కూ తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంటాడు. స్విచ్ మీద చెయ్యి పడే వేళకు గుర్తొచ్చింది మాత్రం మీకు. దాన్ని మీరు చదువు కింద జమ కట్టుకోవడం లేదు.

లెక్క చూడండి. పదో తరగతి తర్వాత మీకు డిప్లొమా మూడేళ్లు, బీటెక్ మూడేళ్లు. వాళ్లకు ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు. ఎటు కూడినా ఆరే. కాకపోతే వాళ్లు ఇంటర్‌లో ఇంటిగ్రేషన్ లెక్కలు వందలకొద్దీ చేసి, ఫస్టియర్‌లో మళ్లీ మ్యాథ్స్ రాసి వచ్చారు. ఆ రోజుల్లో మీరు మోటార్ స్టార్టర్లు విప్పి బిగిస్తున్నారు. మీ ఫెయిల్‌కు మూలం అక్కడుంది. సార్ ఆ మాట అనకూడదు. అన్నారు. ఆయనతో వాదనకు దిగే ఓపిక సప్లీకి దాచుకోండి.

ఫస్టియర్ మ్యాథ్స్ పుస్తకం తెచ్చుకుని, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ నుంచి రోజూ గంట చేయండి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగానే ఉన్నాయి. అయితే ఒక్కరే కూర్చుని వీడియోలు చూస్తే పదో నిమిషానికి కునుకు వస్తుంది (రాత్రి రాని నిద్ర అప్పుడే వస్తుంది మరి). పక్కన మనిషి ఉండాలి. ఆ టాపర్‌నే అడగండి: ‘ల్యాబ్ కనెక్షన్లు నేను చూపిస్తా, నాకు మ్యాథ్స్‌లో లాప్లాస్ లెక్కలు చెప్పు’ అని. ‘మేం నలుగురం’ అని రాశారు చూడండి, అక్కడ నాకు కొంచెం చిరాకేసింది. ఆ నలుగురూ ఒకే బెంచీలో కూర్చుంటే మనసుకు ఊరటే, కానీ నలుగురికీ రానిది ఒకటే లెక్క.

జీడిమెట్ల పని తక్కువదేం కాదు. మీ డిప్లొమా ఎక్కడికీ పోదు, ఆ పని బీటెక్ తర్వాతా దొరుకుతుంది. కరెంటు సంస్థల్లో సబ్ ఇంజనీర్‌కు డిప్లొమా చాలు, అసిస్టెంట్ ఇంజనీర్ కావాలంటే బీటెక్ అడుగుతారు. ఈ రెండు సబ్జెక్టులు రాసి, ఫలితం వచ్చాక మానేసే మాట ఆలోచించండి. నిద్ర ఇలాగే పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఇల్లు. నాకు అసలు టెన్షన్ పెట్టింది ఆ అబద్ధమే. నిద్రను తింటున్నది కూడా అదేనని నా అనుమానం. ఫోన్‌లో చెప్పకండి. ఈ ఆదివారం ఎంజీబీఎస్‌లో బస్సెక్కి వెళ్లండి. అన్నం తిన్నాక, అమ్మ కూడా ఉన్నప్పుడు చెప్పండి: ‘నాన్నా, రెండు పోయినయి. పాసయినా అని అబద్ధం చెప్పిన.’ పరీక్ష ఎప్పుడో, ఫీజు ఎంతో ముందే కనుక్కుని వెళ్లండి, ఆయన అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది. గాజుల మాట ఎత్తి రెండు తిట్లు తిడితే మధ్యలో లేచి వెళ్లిపోకండి.