రాయి తల తిప్పింది!

ప్రశ్న: వానలు బాగా తక్కువ పడే చోట ఓ నదీలోయకు పక్షుల కోసం వెళ్లాను. ఉదయం 11 నుంచి 2 దాకా అంచున నిలబడితే రెండు గద్దలు కనిపించాయి, అంతే. నాది 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.). 12 రెట్లది కొననా?

జవాబు: కొనకండి. 12 రెట్లది చేతిలో ఊరికే వణుకుతుంది, ఆ రెండు గద్దలూ దక్కేవి కావు. పైగా ఎండెక్కాక కాగిన రాళ్ల మీద గాలి అలలు అలలుగా ఆడుతుంది. అద్దం ఆ అలల్నీ పెద్దవి చేసి చూపిస్తుంది.

మొదటిసారి నేనూ మీలాగే వెళ్లాను, టోపీ కూడా లేకుండా. తలనొప్పితో తిరిగొచ్చాను. రెండోసారి తెల్లవారకముందే వెళ్లి, సూర్యుడు వెనక ఉండేలా ఓ బండకు ఆనుకుని కూర్చున్నాను. పక్షుల్ని వెతకడం మానేసి ఎదుటి రాతిగోడను చూశాను. ఒక పగులు కింద సున్నం కారినట్టు తెల్లటి చారలు. అవి రెట్టలు! చార మొదలయ్యే చోట ఎవరో రోజూ కూర్చుంటున్నారన్నమాట. అరగంట అక్కడే చూపు నిలిపాను. రాయి అనుకున్నది మెల్లగా తల తిప్పింది. గుడ్లగూబ.

చిన్న పక్షులు పొద్దున్నే నీళ్లకు దిగుతాయి. రాబందులకు ఆ తొందర ఉండదు. నేల కాగి వేడిగాలి పైకి లేచేదాకా కూర్చుని, తర్వాత రెక్క ఆడించకుండా కింది నుంచి మీ ముందుగానే పైకి తేలిపోతాయి. ఎగిరే పక్షి వీపు చూడటం మైదానంలో కుదరని పని.

ఏ పక్షైనా మీ నెత్తిన తిరుగుతూ అదే పనిగా అరుస్తుంటే వెంటనే వెనక్కి వచ్చేయండి. దగ్గర్లో గూడుంది. తల్లి లేస్తే గుడ్లు ఎండకు మాడిపోతాయి.

ప్రశ్న: అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద నదీలోయ మీద ఎగిరే కాండోర్ల (రాబందుల్లాంటి భారీ పక్షులు) రెక్కలకు నంబర్లెందుకు?

జవాబు: ఏది ఎక్కడుందో, బతికుందో లేదో తెలియడానికి. 1987 నాటికి ఈ జాతిలో మిగిలినవి 27. అడవిలో ఉన్న చివరిదాన్నీ పట్టి జూలలో పిల్లల్ని చేయించారు. 1996 నుంచి ఆరిజోనాలోని వెర్మిలియన్ క్లిఫ్స్ అనే రాతిగోడల దగ్గర వదులుతున్నారు. వేటగాళ్ల తూటాల సీసం కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న కాండోర్లను ఇప్పటికీ చంపుతోంది.

రెక్కలు చాస్తే తొమ్మిదిన్నర అడుగులు. దగ్గరగా వస్తే ఆ నంబరు 8 రెట్ల అద్దంలోనే చదవొచ్చు. పై పాఠకుడు గమనించాలి.