రాబిన్ హుడ్స్ బేలో నాలుగు రోజులు: ముందు ఆటుపోట్ల పట్టిక చూడండి

మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తున్నారు, ఎనిమిదేళ్ళు, ఐదేళ్ళు ఉన్న పిల్లలిద్దరు ఉన్నారు, యార్క్‌షైర్ తీరంలో రాబిన్ హుడ్స్ బే అనే ఊళ్ళో నాలుగు రాత్రులకి కాటేజీ తీసుకున్నారు. ఊరు గంటలో చూసేయొచ్చని ఎవరో అన్నారట. మిగతా రోజులు ఏం చెయ్యాలి, క్యాన్సిల్ చేసి బ్లాక్‌పూల్ వెళ్ళిపోవాలా అని మీ టెన్షన్.

క్యాన్సిల్ చెయ్యకండి. మేం లీడ్స్‌లో ఉంటాం, అక్కడికి కారులో రెండు గంటలు. మూడుసార్లు వెళ్ళాం, అందులో ఒకసారి మా అమ్మానాన్నలతో. ఊరు గంటలో అయిపోతుందన్న మాట నిజమే. కానీ అక్కడ చూడాల్సింది ఊరొక్కటే కాదు. రోజుకి రెండుసార్లు సముద్రం వెనక్కి పోయి, ఊరి ముందు ఒక పెద్ద రాతి మైదానాన్ని బయటపెడుతుంది. కాసేపటికి మళ్ళీ వచ్చి మొత్తం కప్పేస్తుంది. మాది బాపట్ల పక్క ఊరు, సముద్రం మాకు కొత్త కాదు. అయితే మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరు, మీటరున్నర. అక్కడ నాలుగైదు మీటర్లు. ఇది తెలియక మొదటిసారి వెళ్ళినప్పుడు మేం పడ్డ అవస్థ చెప్తాను.

ఊరి నుంచి బీచ్ వెంట దక్షిణంగా ఓ కిలోమీటరు నడిస్తే బోగుల్ హోల్ అని ఒక చిన్న లోయ వస్తుంది. బోగుల్ అంటే అక్కడి వాళ్ళ భాషలో కొంటె దయ్యం లాంటిది. పాత పిండిమరను అక్కడ యూత్ హాస్టల్‌గా మార్చారు, లోపల ఎవరైనా వెళ్ళగలిగే కెఫే ఉంది. మేం హాయిగా నడుచుకుంటూ వెళ్ళి, టీ తాగి, కేకు తిని, బయటికి వచ్చేసరికి మేం నడిచొచ్చిన బీచ్ లేదు! అలలు కొండ అడుక్కి కొడుతున్నాయి. అదృష్టం కొద్దీ అక్కడి నుంచి కొండ మీదకి మెట్లదారి ఉంది కాబట్టి పై నుంచి తిరిగి వచ్చాం, ఐదేళ్ళ పిల్లని మా ఆయన భుజాన వేసుకుని. మధ్య దారిలో ఉండగా నీళ్ళు వచ్చి ఉంటే ఎక్కడానికి మెట్లు కూడా ఉండవు. ఏటా ఈ తీరంలో జనం ఇలాగే ఇరుక్కుంటారు. మీకు ఎప్పుడైనా అలా జరిగితే కొండ ఎక్కే ప్రయత్నం చెయ్యకుండా 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగండి.

కాబట్టి వెళ్ళగానే ఆటుపోట్ల పట్టిక సంపాదించండి. ఫోన్లో పక్కనే ఉన్న విట్బీ పట్టణం పేరుతో వెతికితే దొరుకుతుంది. నీళ్ళు అట్టడుగుకి దిగే సమయానికి గంటన్నర ముందు బీచ్‌లోకి దిగండి, ఆ సమయం దాటగానే వెనక్కి తిరగండి. ఆ సమయం రోజుకి సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. అందుకని ఒకరోజు పొద్దున బీచ్, మధ్యాహ్నం కొండ, మరోరోజు దానికి ఉల్టా, ఇలా ప్లాన్ దానంతటదే తయారవుతుంది. మా నాన్నకి పట్టిక కూడా అక్కర్లేకపోయింది. వెంట తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్లో అమావాస్య చూసి, "ఎల్లుండి నీళ్ళు బాగా లోపలికి పోతాయి, పిల్లల్ని ఆ రోజు తీసుకెళ్ళు" అన్నారు. అలాగే పోయాయి, పదకొండు ప్రాంతాల్లో.

నీళ్ళు పోయాక కనిపించే రాళ్ళని అక్కడ స్కార్స్ అంటారు. గట్టి రాయి, మెత్తటి రాయి పొరలు పొరలుగా అరిగి, పెద్ద ముగ్గు వేసినట్టు వంపులు తిరిగిన వరుసలుగా మిగిలాయి. వాటి మధ్య గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి. పిల్లలకి ఒక బకెట్ ఇచ్చి వదిలేయండి, రెండు గంటలు మిమ్మల్ని పిలవరు. చిన్న పీతలు, రాతికి అతుక్కున్న గుల్లలు, ఎర్రటి జెల్లీ ముద్దల్లా ఉండే సీ అనిమోన్లు కనిపిస్తాయి. ఎత్తిన రాయిని మళ్ళీ అదే స్థానంలో పెట్టడం, పట్టిన పీతని అదే గుంటలో వదలడం అక్కడి మర్యాద. నాచు మీద కాలు జారుతుంది, చెప్పులతో దిగొద్దు.

ఆ నల్లరాయిలోనే శిలాజాలు దొరుకుతాయి. దాదాపు 19 కోట్ల ఏళ్ళ కిందటి జురాసిక్ కాలపు సముద్రపు బురద అది. మా అబ్బాయి ఒక గుండ్రటి రాయి తెచ్చి చూపిస్తే, అమ్మ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఇది సాలగ్రామం కదే!" అంది. నిజంగా అదే. మన ఇళ్ళలో పూజలో ఉండే గండకీ నది సాలగ్రామాల్లో చక్రం ఉన్నవి అమ్మోనైట్ అనే జీవి శిలాజాలు. ఇక్కడివీ అమ్మోనైట్లే. విట్బీ వాళ్ళకి దీని మీద వేరే కథ ఉంది. అక్కడి మఠానికి పెద్ద అయిన సెయింట్ హిల్డా పాముల్ని రాళ్ళుగా మార్చేసిందట, చుట్ట చుట్టుకున్న ఆ పాములే ఇవట. తలలు లేవేమని అడుగుతారని, వెనకటికి దుకాణాల వాళ్ళు తలలు చెక్కి మరీ అమ్మేవారు. అమ్మ మాత్రం ఆ రాయిని హ్యాండ్‌బ్యాగులో కాకుండా శుభ్రమైన చేతిరుమాల్లో చుట్టింది. మీ అత్తగారు కూడా బీచ్‌కి ఎందుకులే అంటే ఈ సంగతి చెప్పి చూడండి. విడిగా పడి ఉన్న రాళ్ళలోనే వెతకండి. కొండ అంచు కింద నిలబడటం, సుత్తితో కొండని కొట్టడం వద్దు, పైనుంచి రాళ్ళు రాలుతుంటాయి.

పెద్దవాళ్ళ సంగతికి వస్తే, ఊరు కొండవాలు మీద ఉంది. పై భాగం, కింది పాత భాగం, మధ్యలో నిట్టనిలువు రోడ్డు. బయటి కార్లు కిందికి వెళ్ళకూడదు, పార్కింగ్ పైనే. మీ కాటేజీ ఎక్కడుందో ఇప్పుడే అడగండి. కింద ఉంటే చక్రాల సూట్‌కేసులు పనికిరావు, రాతి మెట్ల మీద మోసుకెళ్ళాలి. బ్యాక్‌ప్యాకుల్లో సర్దుకోండి. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అందుకని రోజుకి ఒక్కసారే దిగి, ఒక్కసారే ఎక్కేలా చూసుకున్నాం. ఆమెకి బాగా నచ్చిన నడక సిండర్ ట్రాక్. 1885లో స్కార్‌బరో, విట్బీల మధ్య వేసిన రైలు మార్గం 1965లో మూతపడింది. కంకరకి బదులు బొగ్గు చిట్టెం వేసి పట్టాలు పరిచారు కాబట్టి ఆ పేరు. ఇప్పుడది కాలిబాట, సైకిల్ బాట. రైలు దారి కదా, ఎత్తుపల్లాలు మెల్లగా ఉంటాయి. పాత స్టేషన్ దగ్గరి కార్ పార్కు పక్కనే మొదలుపెట్టి ఎంత దూరం వెళ్ళగలిగితే అంత దూరం వెళ్ళి రావొచ్చు.

ఇక ఒక పూట కింద పడవలు దింపే వాలు దగ్గర ఊరికే కూర్చోండి. మా నాన్న మూడు సాయంత్రాలు అక్కడే గడిపారు. ఇంగ్లండుకి పడమటి తీరంలోని సెయింట్ బీస్ నుంచి ఈ ఊరిదాకా దేశానికి అడ్డంగా సుమారు 190 మైళ్ళ కాలినడక దారి ఉంది, కోస్ట్ టు కోస్ట్ అంటారు. ఆల్ఫ్రెడ్ వెయిన్‌రైట్ అనే ఆయన గీసిన దారి అది, దాని మీద ఆయన పుస్తకం 1973లో వచ్చింది. నడిచేవాళ్ళు అక్కడ సముద్రంలో బూట్లు తడిపి, ఒక గులకరాయి జేబులో వేసుకుని బయల్దేరి, రెండు వారాలు నడిచి, ఇక్కడ మళ్ళీ బూట్లు తడిపి ఆ రాయిని ఈ సముద్రంలోకి విసురుతారు. బురద కొట్టుకుపోయిన బట్టలతో, కుంటుకుంటూ ఆ వాలు దిగుతుంటే చూడాలి. అరవై దాటిన ఒకాయన రాయి విసిరేసి అక్కడే చతికిలబడి ఏడ్చేశాడు. నాన్న లేచి వెళ్ళి ఆయన చేయి పట్టుకుని ఊపి వచ్చారు. తర్వాత నాతో, "రామేశ్వరం ఇసక తీసుకెళ్ళి గంగలో కలిపి, గంగ తెచ్చి రామేశ్వరంలో అభిషేకం చేసినట్టే కదమ్మా" అన్నారు. దేవుడు లేని కాశీయాత్ర అని ఆయన లెక్క.

ఆ గంటసేపు చూసే ఊరు కూడా ఊరికే నడిచేసి రాకండి. ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి, మధ్య సందుల్లో ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగాలి. 18వ శతాబ్దంలో టీ, బ్రాందీ, పొగాకు, పట్టు మీద పన్నులు ఎగ్గొట్టే దొంగరవాణాకి ఇది పేరుమోసిన ఊరు. కింద బీచ్‌లో దిగిన పట్టు మూట, ఎండ తగలకుండా ఇంట్లోంచి ఇంట్లోకి చేతులు మారుతూ ఊరి పైకి చేరేదని చెప్పుకుంటారు. సముద్రం చాలా ఇళ్ళని మింగేసింది కూడా. ఇప్పుడున్న ఎత్తైన రక్షణ గోడ 1975లో కట్టింది. కింద పాత కోస్ట్‌గార్డ్ స్టేషన్‌లో పాత కట్టడాల్ని, తీరాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ వాళ్ళ చిన్న ప్రదర్శన ఉంది, పిల్లలకి బాగుంటుంది. ఉన్నవాళ్ళని దోచి లేనివాళ్ళకి పెట్టే కథల్లోని దొంగ రాబిన్ హుడ్ ఏడీ అని మా వాడు అడుగుతూనే ఉన్నాడు. పేరే తప్ప ఆయనకీ ఈ ఊరికీ సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు.

పైకి వెళ్ళే దారిలో ఒక ఫలకం కనిపిస్తుంది, దాటిపోకండి. 1881 జనవరిలో విజిటర్ అనే ఓడ తుఫానుకి ఇక్కడ మునిగింది. ఇక్కడి నుంచి పడవ దింపే వీలు లేదు, విట్బీ నుంచి సముద్రం మీద వచ్చే వీలూ లేదు. దాంతో విట్బీ లైఫ్‌బోటుని ఆరు మైళ్ళు నేల మీద లాక్కొచ్చారు, ఏడడుగుల మంచు గుట్టల్లోంచి. ముందు 200 మంది మంచు తవ్వుతుంటే వెనక 18 గుర్రాలు లాగాయి. రెండు గంటల్లో తెచ్చి దింపారు. మొదటిసారి కుదరలేదు, రెండోసారి ఓడవాళ్ళని బతికించి తెచ్చారు. ఆ రోడ్డు మీద ఖాళీ చేతులతో ఆయాసపడుతూ ఎక్కుతున్నప్పుడు అది చదవాలి, అప్పుడు తెలుస్తుంది.

ఒక పూట రావెన్‌స్కార్ అనే ఊరికి కేటాయించండి. అఖాతానికి అవతలి కొమ్ము మీద ఉంటుంది, కారులోనూ వెళ్ళొచ్చు. కొండ కింద రాళ్ళ మీద సీల్‌లు పడుకుని ఉంటాయి, దూరం నుంచే చూడాలి. దగ్గర్లోనే పాత పటిక కర్మాగారం శిథిలాలున్నాయి. మనం నీళ్ళు తేర్చడానికి వేసే పటికే, కలంకారీలో రంగు పట్టడానికి వాడే పటికే. ఇక్కడ బట్టల అద్దకం కోసం దాన్ని కొండరాయిలోంచి తీసేవారు. రాయిని గుట్టలు పోసి నెలల తరబడి కాల్చి, నానబెట్టి, అందులో మనుషుల మూత్రం కలిపేవారు. స్థానికంగా దొరికింది చాలక లండన్ నుంచి పీపాల్లో ఓడల మీద తెప్పించేవారు! ఎనిమిదేళ్ళ వయసు పిల్లలకి ఆ రోజంతా నవ్వుకోవడానికి ఇదొక్కటి చాలు.

తిండి గురించి జాగ్రత్త. యార్క్‌షైర్‌లో ఫిష్ అండ్ చిప్స్ చాలా చోట్ల బీఫ్ డ్రిప్పింగ్‌లో, అంటే గొడ్డు కొవ్వులో వేయిస్తారు. చేపే కాదు, చిప్స్ కూడా అందులోనే. ఒక షాపులో మేం అడక్కుండా కొన్నాం, సగం తిన్నాక గోడ మీద రాసింది కనిపించింది. అమ్మ ఏమీ అనలేదు, కానీ ఆ రాత్రి భోజనం చెయ్యలేదు. మీవాళ్ళకి పట్టింపు ఉంటే కొనే ముందే ఏ నూనె అని అడగండి, మొహమాటపడొద్దు. వాళ్ళకిది మామూలు ప్రశ్నే, వెజిటబుల్ ఆయిల్ వాడే షాపులూ ఉన్నాయి. కొనుక్కున్నాక బయట తింటే సీగల్ వచ్చి చేతిలోంచి లాక్కుపోతుంది, మా చిన్నదాని చేప ముక్క అలాగే పోయింది. రైస్ కుక్కర్, పచ్చడి, పొడులు తీసుకెళ్ళండి, సామాన్లు దారిలో విట్బీలో కొనుక్కోండి. కాటేజీలో పోపు వేసేటప్పుడు కిటికీ తెరవండి. స్మోక్ అలారం మోగితే ఆ సందుల్లో ఊరంతటికీ వినిపిస్తుంది, అనుభవంతో చెప్తున్నా.

విట్బీ గురించి ఇంకెవరైనా రాస్తారు. 199 మెట్లు, పైన మఠం శిథిలాలు, బస్సులో వెళ్ళొచ్చు, ఒక రోజు పెట్టుకోండి. ఆగస్టు కాబట్టి దారిలో మూర్స్ అనే చెట్లు లేని కొండ ప్రాంతం మీద హెదర్ అనే చిన్న పొదలు పూసి కొండలన్నీ ఊదా రంగులో ఉంటాయి, కారు ఆపి చూడండి. నెలాఖరులో బ్యాంక్ హాలిడే, అంటే అందరికీ సెలవుండే సోమవారం కలిసేలా వెళ్తుంటే పార్కింగ్‌కి పొద్దున్నే చేరాలి.

ఎండాకాలమే కదా అని స్వెట్టర్లు మానకండి. ఎండ కాస్తుండగానే సముద్రం మీంచి తెల్లటి పొగమంచు వచ్చి అర గంటలో ఊరిని కమ్మేస్తుంది, ఫ్రెట్ అంటారు దాన్ని. గొడుగులు అనవసరం, ఆ గాలికి తిరగబడతాయి. టోపీ ఉన్న రెయిన్‌కోట్లే కొనండి, మీ మామగారికి కూడా.