చేనులోకి తోలేముందు

చిన్నా,

ఉద్యోగం మానేసి ఊళ్లో గొర్రెలు పెంచుతావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన దొడ్లో మళ్లీ మంద అరుస్తుందని సంతోషం ఒక పక్క, టెన్షన్ ఒక పక్క. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దొడ్డి మెరక మీద కట్టు. నట్టల మందు, చిటుకు రోగం టీకా తేదీలు పశువుల డాక్టరుతో రాయించుకో.

ఇక పత్తి సంగతి. బీటీ అంటే కాయ పురుగును చంపే గుణం జన్యుమార్పిడితో మొక్కలోనే పెట్టిన పత్తి. 2006లో వరంగల్ జిల్లాలో ఆ బీటీ పత్తి చేలు మేసి గొర్రెలు చచ్చాయని పేపర్లలో వచ్చింది. వాటిలో మనవి పదకొండు. ఏరుడు అయిపోయాక ఒకాయన పిలిచి, ఊరికే మేపుకో అన్నాడు. బీటీ కదా, మందు ఏం కొట్టి ఉంటాడులే అనుకున్నా. బీటీ తట్టుకునేది కాయ పురుగునే, పచ్చదోమకు, తెల్లదోమకు మందు కొట్టాల్సిందేనని నాకు తెలియక కాదు. ఊరికే ఇచ్చినవాణ్ణి ఏం కొట్టావని అడిగితే బాగుండదని ఊరుకున్నా. నాలుగో రోజు తెల్లారేసరికి బొల్లి గొర్రె పొట్ట ఉబ్బి, తడికకు తల ఆనించి పడుంది. మీ పెద్దమ్మ దాని మూతి నురుగు కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

బీటీయే చంపిందని కొందరన్నారు. కాదని ఢిల్లీలో జన్యుమార్పిడి పంటలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ జీఈఏసీ అంది. పురుగు మందులన్నారు, మేతలో నైట్రేట్లన్నారు. నేను మాత్రం అడగని ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను.

మంద అమ్మింది అందుకు కాదురా, మేత లేక. 2002లో బీటీకి అనుమతి వచ్చాక మన చుట్టూ జొన్న చేలన్నీ పత్తి అయిపోయాయి. జొన్నయితే మనకు గింజ, గొడ్లకు చొప్ప. పత్తి కట్టె పొయ్యిలోకి తప్ప దేనికి? గొర్రెలు కొనకముందే అరెకరం జొన్న వెయ్యి. లేత జొన్నలోకి మాత్రం వదలకు, నాము అనే విషం ఉంటుంది. చదువుకున్నావు కానీ ఇలాంటివి నీకెవరు చెప్తారు?

దాణాలో బీటీ వద్దంటే కుదరదు. దేశంలో పత్తి నూటికి తొంభై పైన అదే, గింజల నూనె తీశాక మిగిలే పత్తి చెక్కా అదే. 2021లో కోళ్ల దాణాకని 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్రం ఒప్పుకుంది. పత్తి చెక్క పెద్దవాటికి కొద్దిగా పెట్టు, పాలు తాగే పిల్లలకు అసలొద్దు. గింజలో గాసిపాల్ అనే విషం బీటీకి ముందు నుంచీ ఉంది.

నా కర్ర అటక మీద ఉంది, దింపుకో. దసరాకి వస్తా. అప్పటికి జొన్న కంకి వేయకపోతే మీ నాన్న ముందే తిడతా.

మీ పెద్దనాన్న