పాఠకుల ప్రశ్నలు: ఒకే పాట రెండుసార్లు ఎందుకండీ?

ప్రశ్న: ఉండేది న్యూజెర్సీలో, పిచ్చి అమెరికన్ జాజ్ బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎల్లింగ్టన్ మీద. 1986లో వచ్చిన 'ద బ్లాంటన్-వెబ్‌స్టర్ బ్యాండ్' మూడు సీడీల సెట్టు నా దగ్గరుంది. 1940-42 మధ్య విక్టర్ కంపెనీకి చేసిన ఆ రికార్డింగులే 2003లో 'నెవర్ నో లమెంట్' అని మళ్ళీ వేశారు. ఇంట్లో ఉన్నదే మళ్ళీ కొంటారా అని మా ఆవిడ. కొననా మాననా? పైగా ఒకే పాట రెండేసి సార్లు ఎందుకు పెడతారు?

జవాబు: మీ ఆవిడ అడిగిందాంట్లో తప్పేం లేదు కానీ కొనేయండి. 1986 సెట్టులో గరగర తీసేద్దామని తీస్తూ తీస్తూ ట్రంపెట్ల పదును కూడా తీసేశారు, దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది. 2003 దాంట్లో గరగర కాస్త ఉంటుంది, ఉండనివ్వండి. అందులో 'జాక్ ద బేర్' అనే పాట పెట్టి, బ్యాండులో బేస్ (మంద్రస్థాయిలో మోగే పెద్ద తీగల వాయిద్యం) వాయించిన జిమ్మీ బ్లాంటన్‌ది ఒక్కటే వినండి, తేడా అక్కడే తెలిసిపోతుంది. 1942లో టీబీతో పోయాడు పాపం, 23 ఏళ్ళకే.

ఇక రెండుసార్ల సంగతి. అప్పట్లో స్టూడియోలో టేపు లేదు, వాయించింది వాయించినట్టు నేరుగా డిస్కు మీదే చెక్కేవాళ్ళు, పది అంగుళాల 78 ప్లేటుకి (నిమిషానికి 78 చుట్లు తిరిగేది) పట్టేది మూడు నిమిషాల చిల్లర, మధ్యలో ఒకడు తడబడితే అతుకేసే వీల్లేదు, బ్యాండంతా మళ్ళీ మొదట్నుంచీ వాయించాల్సిందే. వాటిలో ఒకటి మార్కెట్లోకి వెళ్ళేది, ఇంకోటి కంపెనీ దగ్గర పడుండేది. 'కో-కో' అనే పాట 1940 మార్చి 6న అలాగే రెండు టేకులు, అంటే రెండుసార్లు పూర్తిగా వాయించి రికార్డు, చేశారు. రెండూ పక్కపక్కన వింటే ఏది రాసుకొచ్చిందో, ఏది అప్పటికప్పుడు పుట్టిందో తెలుస్తుంది, నాకైతే సీడీలు కొనేదే అందుకు. (ఆ 78 ప్లేట్లలో వాడిన లక్క చాలావరకు మన దేశం నుంచి వెళ్ళిందే, అది వేరే కథ.)

కొనేముందు బుక్‌లెట్ తిరగేయండి. రికార్డింగు తేదీ, మ్యాట్రిక్స్ నంబరు (రికార్డు చేసిన ప్రతి పాటకీ కంపెనీ ఇచ్చుకునే నంబరు), దాని పక్కన టేకు నంబరు, సోలో ఎవరిదో, ఇవన్నీ ఉంటే ఆ సెట్టు మీద ఎవరో కష్టపడ్డట్టు. అవేం లేకుండా చవగ్గా దొరికితే ఇంకెవరి సీడీ నుంచో కాపీ కొట్టారేమోనని నాకు అనుమానమే. 1942 ఆగస్టు నుంచి 1944 నవంబరు దాకా విక్టర్ రికార్డింగులు కనబడకపోతే మాత్రం సెట్టులో ఏదో మిస్సయిందని కంగారు పడకండి, అప్పుడు మ్యుజీషియన్ల యూనియన్ రికార్డింగులు ఆపేసింది.

ప్రశ్న: 1990 ప్రాంతంలో కొన్న బిగ్ బ్యాండ్ సీడీ ఒకటి అంచు నుంచి లోపలికి గోధుమరంగు తిరుగుతోంది. తుడిచినా పోవట్లేదు.

జవాబు: పోదండీ, అది మురికి కాదు. పైన వేసిన లక్కర్ పూత నిలవక లోపలి లోహం పొర పాడవుతోంది, ఆ రోజుల్లో తయారైన కొన్ని సీడీలకి ఈ జబ్బుంది. సాధారణంగా చివరి పాటలు అంచు వైపే ఉంటాయి కాబట్టి ముందు పోయేవి అవే. ఇవాళే కంప్యూటర్లో పెట్టి ఫ్లాక్ ఫైళ్ళుగా (శబ్దంలో ఏదీ పోకుండా దాచేవి) తీసుకోండి, ఎంపీ3 వద్దు. బుక్‌లెట్ మాత్రం పారేయకండి.