తమ్ముడితో మొదలుపెట్టిన కథ ఇప్పుడు భారమైంది

ప్రశ్న: నా వయసు 32. డిగ్రీ చదివే రోజుల్లో తమ్ముడూ నేనూ కలిసి ‘వన్ పీస్’ అనే యానిమే (జపాన్ కార్టూన్ సిరీస్) చూడడం మొదలుపెట్టాం. కథలోని జట్టు తిరిగే గోయింగ్ మెర్రీ ఓడను తగలబెట్టే ఎపిసోడ్ చూసి, ఒకే దుప్పటి కప్పుకుని ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు వాడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. ఏడాదిగా నాకు ఆ సిరీస్ విసుగనిపిస్తోంది. అయినా మానేస్తే వాణ్ని మోసం చేసినట్టు ఉంటుందేమోనని, ఫోన్ చేసి అడిగినప్పుడల్లా చూశాననే చెబుతున్నాను. మా ఆయనేమో ‘పిల్లల బొమ్మలకు ఇంత బాధా?’ అని నవ్వుతారు.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: మీ విసుగుకు కారణం మీ మనసు మారిపోవడం ఒక్కటే కాదమ్మా. 1999 అక్టోబరులో మొదలైన ఆ యానిమే ఎన్నో ఏళ్లపాటు దాదాపు ప్రతి వారం ప్రసారమైంది. మూలమైన మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకాన్ని, దాటిపోకూడదు కనుక, ఒక అధ్యాయంలో ఉన్న కాస్త కథనే ఎపిసోడ్ మొత్తానికీ సాగదీయవలసి వచ్చింది. పాట, గత వారం కథ ముగిసి అసలు సన్నివేశం మొదలయ్యేసరికే నాలుగైదు నిమిషాలు గడిచిపోతాయి. ఆ తర్వాత ఒక దెబ్బ పడితే, దాన్ని చూసి నోళ్లు తెరిచిన ముఖాలన్నిటినీ వరుసగా చూపిస్తారు. ఒక్క డ్రెస్‌రోజా ఘట్టానికే 118 ఎపిసోడ్లు పట్టాయి. 2026 నుంచి ఏడాదికి 26 ఎపిసోడ్లకు మించి రావని నిర్మాతలే ప్రకటించారంటే, సాగదీత సంగతి వారికీ తెలుసన్నమాట. కథ మీద ప్రేమ ఉండి కూడా దాన్ని చెప్పే తీరు మీద చిరాకు పడవచ్చు. అందులో ద్రోహమేమీ లేదు.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట విసుగు కాదు, అబద్ధం. తమ్ముడితో మాట్లాడుకోవడానికి ఈ సిరీస్ తప్ప మరో దారి మిగల్లేదన్న భయం మీకు లోలోపల ఉన్నట్టుంది. మీరిద్దరూ ఏడ్చిన ఆ ఘట్టాన్నే గుర్తు చేసుకోండి. మెర్రీ ఇక ప్రయాణానికి పనికిరాదని కెప్టెన్ లూఫీ నిర్ణయించినప్పుడు జట్టులోని ఉసోప్ ఒప్పుకోలేక, కెప్టెన్‌తోనే పోట్లాడి బయటికి వెళ్లిపోతాడు. తర్వాత తిరిగి జట్టులో చేరతాడు. ఓడ పోయింది గానీ స్నేహం పోలేదు. ఈ సంగతి నాకంటే మీకే బాగా తెలుసు.

మీ వారి నవ్వును పెద్దగా పట్టించుకోకండి. ఒప్పించాలన్న పట్టుదలతో ఆయనను కూర్చోబెట్టి వెయ్యో ఎపిసోడ్ మాత్రం చూపించకండి. ముందు కథ తెలియని మనిషికి నవ్వే వస్తుంది. అది కార్టూన్ గురించిన బాధ కాదని, తమ్ముడి గురించిన బాధని ఒకసారి నెమ్మదిగా చెప్పి చూడండి.

చూడడం పూర్తిగా మానేయాలా అన్నది ఇప్పుడే తేల్చనక్కర్లేదు. కొన్ని నెలలు పక్కన పెట్టండి. కథ కావాలనిపిస్తే మాంగా చదవండి, అక్కడ ఈ సాగదీత ఉండదు. తమ్ముడికి మాత్రం నిజం చెప్పండి: ‘ఒరేయ్, కొన్నాళ్లుగా నేను చూడడం లేదు, చూశానని నీతో ఊరికే అన్నాను.’ వాడు కాసేపు అలగవచ్చు, లేదా తానూ సగం ఎపిసోడ్లు ముందుకు జరిపేసి చూస్తున్నానని ఒప్పుకోవచ్చు. ఆ తర్వాత మెర్రీకి వీడ్కోలు చెప్పే ఆ 312వ ఎపిసోడ్‌ను ఇద్దరూ ఒకే సమయానికి పెట్టుకుని, ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ చూడండి. మెల్‌బోర్న్ సమయం మనకంటే నాలుగున్నర గంటలో, అయిదున్నర గంటలో ముందుంటుంది కనుక, ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరే ముందు ఫోన్ చేయండి.